రంగు కాదు, అంకె చూడండి: పాత చైన్ రంపాల సేకరణకు సమగ్ర మార్గదర్శి

కాశీబుగ్గలో ఒక పాత సామాను కొట్టు ముందు, తుప్పు పట్టిన పంపుసెట్టుకీ విరిగిన సైకిలు ఫ్రేముకీ మధ్య నా మొదటి రంపం దొరికింది. నూనెలో నానిన కొబ్బరి పొట్టు దాని ఒళ్లంతా అంటుకొని, ఎండి, రాయిలా గట్టిపడి ఉంది. బారు (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పలక) లేదు, గొలుసు లేదు, వెనక పిడికి ఎవరో సైకిలు ట్యూబు చుట్టారు. "అల్యూమినియం బాబూ, కిలోల లెక్క" అన్నాడు కొట్టు పెద్దాయన. కిలోల లెక్కనే కొన్నాను. మూడు సాయంత్రాలు డీజిలులో ముంచిన బ్రష్షుతో తోమాక ఒక విడిభాగం మీద 1106 అనే అంకె తేలింది. అది జర్మనీ కంపెనీ స్టిల్ చేసిన 070 మోడల్. ఇంకో విషయం కూడా అప్పుడే తెలిసింది. పెద్దాయన అల్యూమినియం అని అమ్మిన దానిలో చాలా భాగం మెగ్నీషియం.

ఈ సరదా మొదలుపెట్టే వాళ్లందరూ చేసే పొరపాటు రంగు చూసి కొనడం. నారింజ రంగు ఉంటే ఒక కంపెనీ అనీ, మెరిస్తే మంచిదనీ అనుకుంటారు. రంగు ఎవరైనా వేయగలరు. పోతలో వచ్చిన అంకె, సిలిండర్ కొలత, విడిభాగాల పొందిక మాత్రం అంత సులువుగా మారవు. ఈ వ్యాసమంతా వాటి గురించే.

ఎక్కడ వెతకాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి యంత్రాలు మూలన పడి ఉండడానికి పెద్ద కారణం తుఫాన్లు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు తోటలకు తోటలే నేలకూలాయి. దారికి అడ్డంగా పడ్డ మానులకు గొడ్డళ్లు చాలలేదు. కొత్తవి, పాతవి, అరువు తెచ్చినవి, ఏ రంపం దొరికితే ఆ రంపం పనిలోకి దిగింది. పని అయ్యాక వాటిలో కొన్ని పశువుల పాక అటక మీదికి చేరాయి. మీరు వెతకవలసింది అక్కడే.

కలప అడితులు, కోత మిల్లులు, పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కుల షెడ్లు, ఆ తరువాత పాత సామాను కొట్లు, ఈ వరుసలో వెళ్లండి. కొట్టుకు చేరేసరికి సగం భాగాలు విడిపోయి ఉంటాయి కాబట్టి దాన్ని చివర పెట్టాను. టెక్కలి, నరసన్నపేట, రాజాం, బొబ్బిలి నాకు అచ్చొచ్చిన ఊళ్లు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుతో వీణలు చేస్తారు. అక్కడ వీణల ధర అడగడంతో ఆగకుండా ఆ మాను ఎవరు కోసి తెస్తారో కూడా అడగండి. ఆ కోతగాళ్ల దగ్గర ఒక పాత యంత్రం, దాంతోపాటు ఒక మంచి కథ దొరికే అవకాశం ఎక్కువ.

వెళ్లి మోడల్ పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. "చెట్లు కోసే పాత మిషను ఏమైనా మూల పడి ఉందా మావయ్యా" అని అడిగితే చాలు. మిషను లేదంటే ముక్కల డబ్బా చూపించమనండి. ఒక షెడ్డులో దొరకని స్టార్టర్ మూత మరో ఊళ్లో మరలు పోసుకునే గిన్నెగా వాడుకలో ఉండగా నేను చూశాను. సంక్రాంతి తరువాతి రెండు వారాలను వదులుకోవద్దు. భోగికి ఇళ్లు దులిపి పారేసినదంతా అప్పుడే కొట్లకు చేరుతుంది.

కొన్న చోట ఒక కాగితం మీద అమ్మిన వారి సంతకం, తేదీ, యంత్రం మీది అంకె రాయించుకోండి. పాతపట్నం దారిలోనో పార్వతీపురం దారిలోనో రంపం వేసుకుని వస్తుంటే ఎవరైనా ఆపి అడగవచ్చు. అడగడం న్యాయమే కూడా.

గుర్తుపట్టడం

ముందు ఫొటోలు తీయండి, ఆ తరువాతే తోమండి. మురికి కింద స్టిక్కరు ముక్క ఉండవచ్చు. డీజిలు తగిలితే అది పోతుంది.

యంత్రం వయసును దాని నిర్మాణమే చెబుతుంది. 1920లలో జర్మనీలో ఈ పరిశ్రమ రూపుదిద్దుకుంది. ఆండ్రియాస్ స్టిల్ 1926లో స్టుట్‌గార్ట్‌లో సంస్థ పెట్టాడు. మరో జర్మన్ రంపాల కంపెనీ డోల్మార్ పేరు తురింగియాలోని ఒక కొండది. తొలి పెట్రోలు రంపాలను ఇద్దరు మోయాలి. వాటి కార్బొరేటర్లు తేలుడు గిన్నె రకానివి, వంచితే పెట్రోలు అందదు. అందుకే ఇంజిన్‌ను నిటారుగా ఉంచి బారును మాత్రమే పక్కకు తిప్పే ఏర్పాటు ఉండేది. అలా తిరిగే బారు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది అరుదైన వస్తువు. పొర, అంటే డయాఫ్రం ఉన్న కార్బొరేటర్ వచ్చాక రంపాన్ని ఎటు వంచినా నడిచింది. 1949లో అమెరికాలో మెకల్లక్ కంపెనీ 3-25 రంపం వచ్చింది. దాని బరువు 25 పౌండ్లు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. 1950లో స్టిల్ తన తొలి ఒంటిమనిషి పెట్రోలు రంపం బీఎల్‌ను తెచ్చింది. 1959లో అదే సంస్థ కాంట్రా, స్వీడన్ కంపెనీ హస్క్‌వర్నా తొలి రంపం 90, రెండూ వచ్చాయి. కాంట్రాలో గేర్లు లేవు, ఇంజిన్ తిరుగుడు నేరుగా గొలుసుకు అందుతుంది. మన అడితుల్లో కనిపించే 070కి మూలపురుషుడు ఈ కాంట్రానే.

కాబట్టి మొదటి ప్రశ్న గేర్లు ఉన్నాయా అన్నది. ఉంటే 1960కి అటూ ఇటూ చూడండి. రెండోది, పిడికీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు దిమ్మెలు ఉన్నాయా? చెయ్యి తిమ్మిరెక్కకుండా పెట్టిన ఆ ఏర్పాటు 1960ల నడుమ నుంచి వ్యాపించింది. ముందు పిడి ఎదుట చేతికి తగిలితే గొలుసును ఆపే బ్రేకు ఉంటే 1970లు లేదా ఆ తరువాత. స్టిల్ మోడల్ అంకెకు ముందు ఎం.ఎస్. అని ఉంటే దాదాపు 2000 నుంచి ఇటు. పాత 038 అలాగే ఎం.ఎస్. 380 అయింది. ఒక హెచ్చరిక: 070 వంటివి దశాబ్దాల తరబడి మార్పు లేకుండా తయారయ్యాయి, వాటిలో చాలావాటికి బ్రేకే లేదు. నిర్మాణం పాతది కాబట్టి యంత్రమూ పాతదే అనుకోవద్దు.

ఇక అంకెలు. స్టిల్ విడిభాగాల మీద పోతలో వచ్చే సంఖ్యలో మొదటి నాలుగు అంకెలు కుటుంబాన్ని చెబుతాయి. 1106 అంటే 070, 090. 1119 అంటే 038. 1122 అంటే 064, 066. 1128 అంటే 044. అయితే ఆ భాగం మొదట ఎవరి కోసం తయారైందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఒకే భాగాన్ని తరువాత వేరే మోడల్‌లో కూడా వాడి ఉండవచ్చు. అందుకే ఒక్క మూత చూసి తీర్పు చెప్పకుండా కనీసం మూడు భాగాలు చూడండి. ఇంజిన్ పెట్టె మీద పొడిచిన తొమ్మిది అంకెల వరుస సంఖ్య వేరు. అది 1తో మొదలైతే జర్మనీలో, 2తో అమెరికాలో, 3తో బ్రెజిల్‌లో తయారైనట్టు. తయారైన సంవత్సరం ఆ సంఖ్యలో దాగి ఉండదు. ఉందని చెప్పి ఎక్కువ ధర అడిగే వాళ్లు ఉన్నారు. హస్క్‌వర్నా కొత్త యంత్రాల లేబుల్ మీద మాత్రం సంవత్సరం, ఆ తరువాత వారం వస్తాయి.

అంకెలన్నీ చెరిగిపోతే కొలవాలి. ప్లగ్గు విప్పి, రంధ్రంలోంచి సన్నని వెదురు పుల్ల పిస్టన్ మీద ఆనించి, తాడు మెల్లగా లాగుతూ పుల్ల ఎంత దిగి ఎంత లేస్తుందో చూస్తే పిస్టన్ ప్రయాణం తెలుస్తుంది. పుల్ల వాలుగా వెళుతుంది కాబట్టి ఆ కొలత కాస్త అటూ ఇటూ ఉంటుంది. సైలెన్సర్ తీసి లోపలి వ్యాసం కొలవడం కష్టం, సిలిండర్ విప్పితేనే కచ్చితంగా తెలుస్తుంది. నా కాశీబుగ్గ రంపానికి వ్యాసం 58 మిల్లీమీటర్లు, ప్రయాణం 40 వచ్చాయి. సగం వ్యాసాన్ని, ప్రయాణాన్ని సెంటీమీటర్లలోకి మార్చి 2.9 ఇంటూ 2.9 ఇంటూ 3.1416 ఇంటూ 4 లెక్క కడితే 105.7 సీసీ. అది 070. అదే ప్రయాణంతో వ్యాసం 66 వచ్చి ఉంటే 137 సీసీ, అంటే 090, ఆ రోజు నాకు నిద్ర పట్టేది కాదు. హస్క్‌వర్నా 61, 268, 272 మూడూ పైకి అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. మూడింటికీ ప్రయాణం 34, వ్యాసం మాత్రం 48, 50, 52 మిల్లీమీటర్లు. మూత మీద 272 అని రాసి ఉండి లోపల 48 ఉంటే మూత మారిందన్నమాట.

గొలుసు కూడా మాట్లాడుతుంది. వరుసగా మూడు రివెట్ల నడిమి దూరం కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. మూడు రివెట్లకు 20.5 మిల్లీమీటర్లు వస్తే అది .404 అంగుళం, పెద్ద రంపాలది. 18.6 వస్తే 3/8 అంగుళం అని పిలిచేది, 16.5 అయితే .325. పళ్లు చేతి రంపంలా నిటారుగా గీకే రకమైతే గొలుసు చాలా పాతది. ఇప్పటి వంకర పన్ను 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ ఆలోచన. మొద్దులో ఒక పెంకు పురుగు పిల్ల నారకు అడ్డంగా, నిలువుగా ఎటైనా సునాయాసంగా తొలుచుకుపోవడం చూసి, దాని దవడలను ఉక్కులో పోతపోసినట్టు చేశాడు. పలాస జీడి రైతులు కాండం తొలిచే పురుగును రోజూ తిట్టుకుంటారు కదా, అదీ ఆ పొడవాటి మీసాల పెంకు పురుగుల కుటుంబానిదే.

నకళ్లు

070కి నకళ్లు విరివిగా ఉన్నాయి. 52, 58 సీసీ చైనా రంపాలు రెండు వర్షాకాలాలు ఆరుబయట పడి ఉంటే ముప్పై ఏళ్ల వాటిలా కనిపిస్తాయి. అసలు యంత్రంలో పోత అంచులు నున్నగా ఉంటాయి, భాగం తరువాత భాగం మీద అంకె కనిపిస్తుంది. నకలులో లోపలి భాగాలు బోడిగా ఉంటాయి, వరుస సంఖ్య పొడిచి ఉండదు, లేదా స్టిక్కరు మీద మాత్రమే ఉంటుంది. ఒకసారి నేను మోసపోయాను. రాత్రి, టార్చి వెలుగులో, బేరం కుదిరిన సంబరంలో పైమూత ఒక్కటే చూశాను. మూత అసలుది, కింద ఉన్నదంతా నకలు. ఆ మూత ఇప్పుడు మరో మంచి యంత్రం మీద ఉంది కాబట్టి డబ్బు మొత్తం పోలేదని మా ఇంట్లో చెప్పుకుంటూ ఉంటాను. మా ఆవిడ నమ్మదు.

ఒళ్లు పరీక్ష

కొనే ముందు పది నిమిషాల పని ఇది. స్పానర్, స్క్రూడ్రైవర్, ప్లగ్గు పానా, టార్చి జేబులో ఉండాలి.

స్టార్టర్ తాడు పట్టుకొని యంత్రాన్ని గాలిలో వేలాడదీయండి. తాడు ఆగి ఆగి, మెట్లు దిగినట్టు జారితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి బిగువు, ఉంది. బావిలో బొక్కెనలా జర్రున దిగితే లేదు. గేజి ఉంటే 120 పీఎస్‌ఐ పైన వస్తే పనికి వస్తుంది, 150 వస్తే సంతోషించండి. తరువాత సైలెన్సర్ విప్పి టార్చి వేయండి. పిస్టన్ పక్కగోడ మీద నిలువు గీతలు లేకుండా బూడిద రంగులో నున్నగా ఉంటే మంచిది. గోకినట్టు గాట్లు ఉంటే నూనె కలపని పెట్రోలుతో ఎవరో నడిపి ఉండవచ్చు. గాట్లు ఎగ్జాస్టు వైపే ఉంటే రింగులు, పిస్టన్ మార్చి సిలిండర్‌ను కాపాడుకునే ఆశ ఉంది. కార్బొరేటర్ వైపు కూడా ఉంటే ధర సగానికి తగ్గించి అడగండి.

మన తీర ప్రాంతానికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. బారువ, భావనపాడు వైపు నుంచి వచ్చిన యంత్రాల్లో పెయింటు కింద చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. గోటితో గీకితే ముగ్గులాంటి తెల్లని పొడి రాలుతుంది. ఉప్పుగాలి మెగ్నీషియాన్ని తినేసిన గుర్తు అది. ఆ చోట చాకు మొనతో నొక్కి చూడండి. మొన ఆగితే పైపై పొరే పోయింది. సుద్దలో దిగినట్టు దిగితే, అదీ బారు బోల్టుల దగ్గరో ఇంజిన్ పెట్టె అతుకు దగ్గరో అయితే, విడిభాగాల కోసం తప్ప కొనవద్దు. పెయింటు లేని లోపలి మూల నిమ్మరసం చుక్క వేస్తే మెగ్నీషియం బుసబుసమని నురగ కడుతుంది, అల్యూమినియం ఊరుకుంటుంది. వెంటనే తుడిచేయండి. మెగ్నీషియాన్ని గ్రైండర్‌తో అరగదీయవద్దు. ఆ రజను అంటుకుంటే నీళ్లు పోసినకొద్దీ మంట పెరుగుతుంది, పొడి ఇసుకే దిక్కు.

ప్లగ్గు తీసి ఇనుముకు ఆనించి తాడు లాగితే నిప్పురవ్వ నీలంగా రావాలి. రాకపోతే బెంగ వద్దు. పాత వాటిలో పాయింట్లు, అంటే నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న లోహపు ముక్కలు, ఉంటాయి. ఫ్లైవీలు వెనక వాటి మీద పొర కట్టి ఉంటుంది, సన్న కాగితంతో రుద్ది, ఎడం 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లకు సరిచేస్తే చాలా వరకు ప్రాణం వస్తుంది. స్పార్కు లేదని చవగ్గా అమ్మిన యంత్రాలను నేను వెతికి మరీ కొంటాను.

ప్రాణం పోయడం

టాంకులో పాత పెట్రోలు ఉంటే ముక్కుకే తెలుస్తుంది, వార్నిష్ వాసన వస్తుంది. పారబోసి, పైపులు, ఫిల్టరు, కార్బొరేటర్ పొరలు మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. పాత రబ్బరు దానికి తట్టుకోలేదు, ఉబ్బి గట్టిపడుతుంది. నడిపిన ప్రతిసారీ టాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయి ఆగేదాకా ఇంజిన్‌ను వదిలేయండి. నూనె పాళ్లకు నా లెక్క లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్, అంటే 25కి 1. పాత యంత్రాల బేరింగులకు నేను పొదుపు చేయను.

మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు బారు, గొలుసు తీసేసి, క్లచ్చి మూత బిగించి, నేల మీద కాలితో తొక్కిపట్టి లాగండి. 070 తాడు వెనక్కి గుంజితే వేళ్లు కమిలిపోతాయి, కంప్రెషన్ తగ్గించే మీట ఉంటే వాడండి. గొలుసు వేశాక కొయ్యదలచుకుంటే పడి ఉన్న దుంగనే కోయండి. నిలిచి ఉన్న చెట్లలో చాలావాటిని కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. బ్రేకు లేని రంపం బారు కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికే ఎగిరి వస్తుంది. అలాంటి యంత్రంతో నేను రోజువారీ పని చేయను. హెల్మెట్టు, కళ్లద్దాలు, చెవులకు మూతలు, గట్టి బూట్లు వేసుకొని ఏడాదికి రెండు మూడు దుంగలు, అంతే.

శుభ్రం చేయడం గురించి ఒక్క మాట: పెయింటు మళ్లీ వేయవద్దు. వేస్తే యంత్రం కొత్తదిలా కనిపిస్తుంది, తెలిసినవాడు తక్కువ ధర ఇస్తాడు. డీజిలు, బ్రష్షు, గుడ్డ చాలు. కాస్టిక్ సోడా సిలిండర్‌ను తినేస్తుంది.

వెల కట్టడం

నేను ప్రతి యంత్రానికీ నాలుగు ధరలు రాసుకుంటాను. మొదటిది తుక్కు ధర, తూకం వేస్తే వచ్చేది, దీనికి తక్కువకు ఎవరూ అమ్మరు. రెండోది ముక్కల ధర: మంచి కార్బొరేటర్, కాయిల్, మూతలు, పిడి విడివిడిగా ఎంతకు పోతాయి. మూడోది పనివాడి ధర, అంటే రేపు ఉదయం చింత మాను కోయడానికి వెళ్లే మనిషి ఎంత ఇస్తాడు. నాలుగోది సరదా ధర. మన జిల్లాల్లో మూడో ధర నాలుగో దాన్ని మించిపోవడమే ఎక్కువ. నడిచే 070కి కోతగాడు ఇచ్చేంత నాలాంటి వాడు ఇవ్వలేడు. అందుకని నడిచేవాటి జోలికి నేను పోను. ఆగిపోయి, అన్ని భాగాలూ ఉన్నవి నా వంతు.

తగ్గింపుల్లో పిస్టన్ గాట్ల కన్నా పోయిన మూతలకు ఎక్కువ తగ్గించండి. కొత్త వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పిస్టన్ బజారులో దొరుకుతుంది. ఆ కాలపు స్టార్టర్ మూత, ఎయిర్ ఫిల్టరు పెట్టె, అసలు పిడి దొరకవు. వాటి కోసం నేను ఏడాదిన్నర తిరిగాను. అసలు బారు, పెట్టె, చిన్న పుస్తకం, కొన్న రసీదు ఉంటే ధర పెంచండి. అరుదైనదల్లా ఖరీదైనది కాదు. ఎవరూ వాడని, ఎవరికీ గుర్తులేని బ్రాండు ఒక్కటే మిగిలినా అడిగేవాడు ఉండడు. దూరం పంపవలసి వస్తే టాంకు, కార్బొరేటర్ పూర్తిగా ఆరనివ్వండి, పెట్రోలు వాసన ఉన్న పార్సిల్‌ను తీసుకోరు.

ఇంకొకటి, పుస్తకం పెట్టండి. అంకెలు, కొలతలు, ధరతో పాటు అమ్మినవాళ్లు చెప్పిన మాట కూడా రాయండి. నాది రూళ్ల నోటుబుక్కు. అందులో మూడో పేజీ ఇలా ఉంటుంది: "070. 1106 నాలుగు చోట్ల. 58 ఇంటూ 40. కాశీబుగ్గ, పాత సామాను కొట్టు, కిలోల లెక్క. కంప్రెషన్ 125. పాయింట్లు రుద్దాను, తొమ్మిదో లాగుడుకు అందుకుంది. తిత్లీ తరువాత కవిటి వైపు కొబ్బరి మొద్దులు కోసిందట, కొట్టు పెద్దాయన మాట. పిడి ట్యూబు విప్పలేదు. అసలు బారు లేదు, వెతకాలి."